ఒక్క చెరువు – వందల తూములు

ఏదో ఒక ఊరి ఉన్నత పాఠశాలలో, కంప్యూటరు గదిలో, తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు తెలుగు వికీపీడియా తెరిచి కృష్ణా నదిని గూర్చిన వ్యాసం చదువుతున్నాడనుకుందాం. చదవడం ముగిసిన తరువాత ఆ బాలుని దృష్టి భాషల పట్టిక మీద పడుతుంది. కుతూహలం కొద్దీ కన్నడమని ఉన్న చోట నొక్కుతాడు. లిపి మారుతుంది, వ్యాసం మారుతుంది. ఇల్లు మాత్రం అదే. తెలుగులో 'చరిత్ర' అనే మాట ఉన్న చోటనే అక్కడ దాని కన్నడ రూపం ఉన్నది. 'చర్చ' ఉన్న చోటనే చర్చ ఉన్నది. తమిళానికి పోతే అక్కడా అంతే. ఉర్దూకు పోతే మాత్రం ఒక వింత కనిపిస్తుంది. ఎడమనున్నవన్నీ కుడికి, కుడినున్నవన్నీ ఎడమకు వచ్చి, ఆ ఇల్లు అద్దంలో చూచినట్లు తిరగబడి ఉంటుంది. అయినా తలుపేదో కిటికీ ఏదో పోల్చుకోవడానికి ఆ బాలునికి ఎక్కువసేపు పట్టదు.

ఇవన్నీ ఒక్క చెరువు కింది పొలాలని తెలిస్తే ఈ పోలిక ఆశ్చర్యం కలిగించదు. చెరువొకటే, తూములు వేరు, కాలువలు వేరు. ఒకరు వరి వేస్తారు, ఒకరు చెరకు వేస్తారు, ఇంకొకరు ఆకుతోట పెంచుకుంటారు. నీరు అందరిదీ, పంట ఎవరిది వారిదే. 300కు పైగా భాషల వికీపీడియాలు, వాటి తోడబుట్టిన నిఘంటువులు, గ్రంథాలయాలు, సూక్తిసంకలనాలు – అన్నీ కలిసి 800కు పైబడిన వెబ్‌సైట్లు – మీడియావికీ అనే ఒకే ఒక సాఫ్ట్‌వేరు మీద నడుస్తున్నవి. ఇంగ్లీషు వికీపీడియాకు ఒక యంత్రమూ, తెలుగుకు దానిలో చిన్నదొకటీ లేవు. పెద్దింటికి ఏ దూలం వాడారో గుడిసెకూ అదే దూలం.

ఇటువంటి సాఫ్ట్‌వేరును కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. విషయ నిర్వహణ వ్యవస్థ అనవచ్చును. పేరు బరువైనదే గాని దాని తత్వం అచ్చాఫీసు తెలిసినవారికి కొత్త కాదు. ఇంటర్నెట్ తొలిరోజులలో ప్రతి పుటనూ విడివిడిగా చేతితో కట్టేవారు. నూరు పుటల సైటులో సంస్థ చిరునామా మారితే నూరు పుటలూ విప్పి దిద్దవలసిందే; ఒకటి మరచితే అది తప్పుగానే మిగిలిపోయేది. విషయాన్ని ఒక చోట, దానిని అమర్చే చట్రాన్ని ఒక చోట వేరుచేసి ఉంచితే ఈ బాధ తీరుతుందని తరువాత గ్రహించారు. వ్యాసం కొట్టులో ఉంటుంది, అచ్చుచట్రం గోడకు ఉంటుంది, పాఠకుడు అడిగిన క్షణాన రెండూ కలిసి పుట అవుతుంది. ఇక ఒక చట్రానికి ఒకే పత్రిక ఎందుకు? తెలుగు దినపత్రికల జిల్లా అనుబంధాలను చూడండి. పత్రిక పేరు ఒకటే, ప్రధాన పుటలు ఒకటే. శ్రీకాకుళం వారి వార్తలు శ్రీకాకుళం వారికి, కడప వారివి కడప వారికి. పలు వెబ్‌సైట్లను ఒకే వ్యవస్థతో నడపడమంటే స్థూలంగా ఇంతే. వర్డ్‌ప్రెస్ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేరులో ఈ సదుపాయం మొదట వేరు శాఖగా ఉండి 2010 జూనులో ప్రధాన శాఖలో కలిసినది. కళాశాలలు తమ శాఖలన్నిటి సైట్లనూ నేడు ఈ పద్ధతినే నడుపుకోవచ్చును. అయితే ఈ పద్ధతిలోని అందమూ చిక్కూ పూర్తిగా తెలియాలంటే వికీపీడియా కుటుంబాన్నే చూడవలె. భాషలు ఇన్ని ఉన్న ఉమ్మడి కాపురం మరొకటి అరుదు.

'వికీ' అనేది హవాయి ద్వీపవాసుల మాట. త్వరగా అని అర్థం. హోనలూలు విమానాశ్రయంలో ప్రయాణికులను అటూ ఇటూ చేరవేసే బస్సుకు 'వికీ వికీ' అని పేరు. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికను ఇంజనీరు, చదివేవాడే దిద్దడానికి వీలైన తన వెబ్‌సైటుకు 1995లో ఆ పేరు పెట్టినాడు. 2001 జనవరిలో వికీపీడియా ఇంగ్లీషులో మొదలైనది. ఆ మార్చిలోనే జర్మన్, కాటలాన్ భాషలవారు తమ ఇండ్లు కట్టుకున్నారు. మాగ్నస్ మాన్స్కే అనే జర్మను విద్యార్థి వ్రాసిన కొత్త సాఫ్ట్‌వేరు 2002 జనవరిలో ఇంగ్లీషుకు వచ్చినది. ఇతర భాషలు కొంతకాలం పాతదానితోనే నెట్టుకొచ్చినవి. పెద్దవాడికి కొత్తచొక్కా, చిన్నవాళ్లకు పాతవి – ఇంటింటా ఉన్న సంగతే. అదే ఏడాది లీ డేనియల్ క్రాకర్ దానిని తిరిగి వ్రాశాడు. అదే తరువాత మీడియావికీ అయినది. క్రమంగా అన్ని భాషలూ దాని కిందికి చేరినవి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టినది. ఆలస్యంగా పుట్టడంలో ఒక లాభమూ కలిగినది. ప్రపంచ లిపులన్నిటికీ చోటిచ్చే యూనికోడు పద్ధతి తెలుగుకు పుట్టుకతోనే అబ్బినది. ఇంగ్లీషు వికీపీడియాయేమో పశ్చిమ ఐరోపా లిపులు మాత్రమే పట్టే పాతపద్ధతి నుండి 2005లో గాని యూనికోడుకు మారలేదు.

మరి ఒకే యంత్రం ఇన్ని ఇండ్లను ఎట్లా గుర్తిస్తుంది? పాఠకుడు కోరిన చిరునామాలో మొదటి రెండు మూడు అక్షరాలు చూచి. తెలుగుకు 'టి, ఇ' అనే రెండు రోమను అక్షరాలు. వాటిని చూడగానే యంత్రం తెలుగువారి దస్తావేజుల పెట్టె తెరుస్తుంది. ఒక్కొక్క సైటుకు ఒక్కొక్క పెట్టె. ఒకరి పెట్టెలోని కాగితం మరొకరి పెట్టెలోకి పోదు. పెట్టెతోపాటు ఒక పెద్ద జాబితా కూడా చూస్తుంది. సైటు పేరేమి, గుర్తు ఏది, గడియారం ఏ దేశానిది, కొత్తవారికి ఏ హక్కులు ఇవ్వవలె – ఇట్లా ఒక్కొక్క ప్రశ్నకు మొదట అందరికీ వర్తించే సమాధానం, దానికింద 'ఫలానా ఇంటికి మాత్రం ఇట్లా' అనే మినహాయింపులు ఆ జాబితాలో ఉంటవి. మన వ్యాకరణాలలో ఉత్సర్గం, అపవాదం అని ఉన్నవే. ఆ పద్ధతియే ఇది.

ఒక్క మినహాయింపు ఎంత పని చేస్తుందో చూడండి. వికీపీడియాలో వ్యాసం పేరు చిన్న రోమను అక్షరంతో మొదలుపెట్టినా యంత్రం దానిని పెద్ద అక్షరంగా మారుస్తుంది. విజ్ఞానసర్వస్వానికి అది మేలే. నిఘంటువుకు మాత్రం చేటు. ఇంగ్లీషులో 'పోలిష్' అనే మాటను పెద్ద అక్షరంతో వ్రాస్తే పోలండు దేశపు భాష, చిన్న అక్షరంతో వ్రాస్తే మెరుగు. అందుచేత విక్షనరీలకు ఆ అలవాటు మానిపించడానికి జాబితాలో ఒక్క పంక్తి వ్రాశారు. అదే యంత్రం, ఒక్క పంక్తి తేడాతో, విజ్ఞానసర్వస్వం కావలసినచోట నిఘంటువు అయినది.

ఇంతవరకు ఇంజనీర్ల పని. తెలుగు ఉపాధ్యాయునికి ఆసక్తి కలిగించే ఘట్టం దీని తరువాతనే ఉన్నది. యంత్రం పలికే మాటలు – 'భద్రపరచు', 'వెతుకు', 'ఈ పుట లేదు' వంటివి వేలసంఖ్యలో ఉన్నవి – ఇంగ్లీషులో పుట్టినవి. వాటిని ఒక్కొక్క భాషలోకి ఆయా భాషల స్వచ్ఛంద కార్యకర్తలే తెచ్చుకుంటారు. ఈ పని ట్రాన్స్‌లేట్‌వికీ అనే వేరొక సైటులో జరుగుతుంది. దానిని నెలకొల్పినవాడు నిక్లాస్ లాక్స్‌ట్రోమ్ అనే ఫిన్లండు దేశీయుడు.

తెలుగు కార్యకర్తలు ఈ పనిలో మాటకు మాట వేసి ఊరుకోలేదు. కలిసి మాట్లాడుకునే పుటకు ఇంగ్లీషువారు ఊరి బోరింగు పేరు పెట్టుకున్నారు; నీళ్ళ దగ్గర నలుగురూ కలుస్తారు గదా! తెలుగువారు దానికి 'రచ్చబండ' అన్నారు. ఇది అనువాదం కాదు, అంతకంటె మంచిది. సభ్యుల పుటలకు మొదట 'సభ్యుడు' అని పేరుండేది. స్త్రీలు వ్రాస్తున్నచోట ఈ 'డు' వర్ణకం ఎబ్బెట్టుగా ఉంటుంది. 'సభ్యులు' అన్న రూపమూ ఉన్నది. చివరకు 'వాడుకరి' నిలిచినది. నేతగాడు, పాటగాడు అన్నవాటివలె కాక 'అరి' ప్రత్యయం లింగం అడగదు. నేర్పరి పురుషుడూ కావచ్చు, స్త్రీ కూడా కావచ్చు. జర్మనువారికి ఈ వెసులుబాటు లేక స్త్రీకి ఒక రూపం, పురుషునికి ఒక రూపం రెండూ పెట్టుకోవలసి వచ్చినది. యంత్రంలో దానికీ ఏర్పాటు ఉన్నది. అట్లాగే 'బొమ్మ' అన్న పేరు, ధ్వనులూ చలనచిత్రాలూ కూడా చేరడంతో, 'దస్త్రం' అయినది. పాత పేర్లను పారవేయలేదు. 'బొమ్మ' అనో 'సభ్యుడు' అనో ఉన్న పాత లంకెను నొక్కితే యంత్రం కొత్త పేరుగల పుటకే తీసుకుపోతుంది. పూర్వనామం మరువని గుమాస్తా!

అసలు చిక్కు విభక్తుల దగ్గర వచ్చినది. ఫలానా పుటను తొలగించినాము అని యంత్రం చెప్పవలె. ఆ పుట పేరేమిటో అనువాదకునికి ముందుగా తెలియదు. అక్కడ ఒక ఖాళీ ఉంటుంది. ఇంగ్లీషులో ఆ ఖాళీలో ఏ పేరు పడినా వాక్యం చెడదు. తెలుగులో ఖాళీ పక్కన 'ను' అని వ్రాస్తే 'కాకినాడను' సరిపోతుంది. 'తిరుపతిను' అని పడితే చెవికి ములుకు గుచ్చినట్లుంటుంది. ఇకారం తరువాత ఈ 'ను' 'ని'గా మారుతుందన్నది చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో సూత్రించిన సంగతే; పదవ తరగతి పిల్లవానికీ తెలుసు. 'ఇల్లు' వంటి మాట పడితే ఇంకా కష్టం. దానికి 'ఇంటిని' అని ప్రకృతియే మారవలె. అందుకే తెలుగు అనువాదకులు 'తిరుపతి అనే పుటను' అని చుట్టుతోవ పట్టినారు, మరికొన్ని చోట్ల 'యొక్క'ను ఆశ్రయించినారు. కంప్యూటరు తెలుగులో 'యొక్క'లు మితిమీరినవని ఆక్షేపించే భాషాభిమానులు ఈ ఖాళీల సంగతి ఎరిగి ఆక్షేపిస్తే బాగుంటుంది. అనువాదకుడు ఎరుగక చేసినవి కొన్ని ఉండవచ్చు. గత్యంతరం లేక చేసినవే ఎక్కువ.

ఇక్కడ ఉమ్మడి వ్యవస్థకు ఒక పరీక్ష ఉన్నది. ఇంగ్లీషు ఎరిగిన యంత్రం ఇతర భాషలకు లొంగుతుందా, లేక ఇతర భాషలే దానికి లొంగవలెనా? చాలావరకు యంత్రమే లొంగినదని చెప్పవచ్చును. ఫిన్నిష్ భాషకు 15 విభక్తులు; ఆ దేశీయుడు ఈ పనికి పూనుకోవడం కాకతాళీయమో కాదో గాని, పదానికి వ్యాకరణరూపం కల్పించే గూడు యంత్రంలో ఉన్నది. అరబ్బీలో సంఖ్యను బట్టి నామం ఆరు తీరులుగా మారుతుంది, చీనా భాషలో అసలు మారదు, రెండింటికీ చోటున్నది. వాక్యాన్ని ముక్కలుగా చేసి అతికించరాదు, పూర్తివాక్యాన్నే అనువాదకునికి ఇవ్వవలెనని ప్రోగ్రాములు వ్రాసేవారికి నియమం పెట్టినారు. క్రియ చివర వచ్చే తెలుగు వంటి భాషలకు ఆ నియమమే ప్రాణం.

ఉమ్మడి కొట్లు మరి రెండున్నవి. 2004 సెప్టెంబరులో వికీమీడియా కామన్స్ అనే చిత్రశాల వెలసినది. అంతకుముందు చార్మినారు చిత్రం తెలుగువారు ఒకసారి, తమిళులు ఒకసారి, జర్మనులు ఒకసారి ఎక్కించుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఒకరు కామన్స్‌లో ఎక్కిస్తే అన్ని ఇండ్ల గోడలకూ అది తగిలించవచ్చు. రెండవది 2012 అక్టోబరులో మొదలైన వికీడేటా. దాని అవసరం లెక్క వేస్తే గాని బోధపడదు. ఒకే విషయం మీద పది భాషలలో వ్యాసాలున్నవనుకోండి. ప్రతి వ్యాసం అడుగునా మిగిలిన తొమ్మిదింటి చిరునామాలు వ్రాయవలె. మొత్తం 90. నూరు భాషలైతే 9,900. ఒక్క వ్యాసం పేరు మారితే తొంభైతొమ్మిది చోట్ల దిద్దుబాటు! ఈ ఊడిగం చేయడానికి మరమనుషులవంటి ప్రోగ్రాములను రాత్రింబవళ్ళు తిప్పేవారు. వికీడేటా వచ్చిన తరువాత అందరూ తమ తమ చిరునామాను ఒక్క చోట నమోదు చేస్తే చాలు; నూరు భాషలకు నూరు పంక్తులు. 2013 జనవరిలో హంగేరియను వికీపీడియా దీనిని మొదట స్వీకరించగా, మార్చి నాటికి అన్ని వికీపీడియాలకూ అందినది. కృష్ణా నది వ్యాసం నుండి ఆ బాలుడు కన్నడానికి పోయినది ఈ వంతెన మీదనే.

ఉమ్మడిగా లేనిదీ ఒకటున్నది. అదే చిన్న ఇండ్లకు పెద్ద బాధ. వ్యాసాలలో జిల్లాల పట్టికలు, జనసంఖ్య పెట్టెలు అమర్చే అచ్చులను తెలుగు వికీపీడియాలో 'మూసలు' అంటారు. మాట కంసాలి కొలిమి నుండి వచ్చినదే, చక్కగా అతికినది. ఈ మూసలు మాత్రం ఎవరివి వారివే. ఇంగ్లీషువారు తీరిక కలవారు, వందల మంది. ఒక మూసకు మరొక మూస, దానికింద ఇంకొకటి కల్పిస్తారు. తెలుగువారు ఒకటి తెచ్చుకుందామంటే దానితోపాటు ఆరు తెచ్చుకోవలె. అక్కడ ఒకటి మార్చితే ఇక్కడిది పాతబడుతుంది. వేళ్ళమీద లెక్కించదగిన కార్యకర్తలు వ్యాసాలు వ్రాయవలసిన గంటలను ఈ మరమ్మతులలో గడుపుతున్నారు. మూసల ఉమ్మడి కొట్టు కావలెనన్న కోరిక చాలాకాలంగా ఉన్నది.

ఇక చెరువు ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న. సర్వర్లూ సాఫ్ట్‌వేరూ నడిపేది అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్. వ్యాసాలు వ్రాసి, నియమాలు చేసుకుని, నిర్వాహకులను ఎన్నుకునేది ఆయా భాషలవారు. సాధారణంగా ఈ రెండు అధికారాలూ తగవు పడవు. 2014లో పడినవి. ఫౌండేషన్ వారు చిత్రాలు చూపే కొత్త పద్ధతి ఒకటి తెచ్చినారు. బొమ్మ మీద నొక్కితే నల్లని తెర మీద పెద్దదిగా కనబడుతుంది. జర్మనువారికి అది నచ్చలేదు. తమలో తాము అభిప్రాయాలు సేకరించుకుని, అడగకుండా అది తెరుచుకోరాదని తీర్మానించుకున్నారు. తమ సైటు నడకను మార్చే పుట ఒకటి అప్పట్లో నిర్వాహకుల అధీనంలో ఉండేది. ఒక నిర్వాహకుడు అందులో మార్పు వ్రాసి ఆ పద్ధతిని ఆపినాడు. ఆగస్టు 10న ఫౌండేషన్ వారు అంతవరకు లేని ఒక కొత్త తాళం సృష్టించి ఆ పుటకు వేశారు. ఎన్నుకోబడిన నిర్వాహకులకూ దాని తాళంచెవి లేదు. వందలాది మంది సంతకాలతో బహిరంగ లేఖ వెలువడినది. కొద్ది వారాలలో ఆ పుటకు తాళం తీశారు; అటువంటి తాళం వేసే అధికారాన్ని మాత్రం 2015 నవంబరులో గాని రద్దు చేయలేదు.

ఆ తగవులో న్యాయం ఒక్క పక్షాననే ఉన్నదనలేము. వందల ఇండ్లు తలా ఒక రీతిగా యంత్రాన్ని ఆపితే దానిని బాగుచేసేవారికి పని సాగదు. అయినా ఊరివాళ్ళు ఒప్పుకోని తూమును నీరటికాడు రాత్రికి రాత్రి బిగిస్తే ఊరుకునే గ్రామం ఉండదు. జర్మనువారు వేలమంది కాబట్టి వారి కేక వినిపించినది. అదే తాళం పదిమంది వ్రాసే చిన్న భాష ఇంటికి పడి ఉంటే లేఖ మీద ఎన్ని సంతకాలు పడేవి?

చెరువుకు గండి పడితే అన్ని పొలాలూ ఎండుతవన్నది రెండవ భయం. 2010 మార్చి 24న ఐరోపాలోని సర్వర్ల గదిలో వేడి పెరిగి యంత్రాలు వాటంతటవే ఆగిపోయినవి. భారాన్ని అమెరికాకు మళ్ళించబోతే ఆ మళ్ళింపే చెడి, ప్రపంచమంతటా వికీపీడియా చిరునామాలు పనిచేయకుండా పోయినవి. 2012 ఆగస్టులో అమెరికాలో రెండు తీగలు తెగి గంటకు పైగా అన్ని భాషలూ మూగబోయినవి. తెలుగువాడు చేసిన తప్పు ఏమీ లేదు; ఉమ్మడి కాపురంలో పొయ్యి ఆరితే అందరికీ పస్తే. ఆ అనుభవాలు వృథాపోలేదు. ఇప్పుడు వర్జీనియాలో ఒకటి, టెక్సాసులో ఒకటి రెండు ప్రధాన కేంద్రాలున్నవి. మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, రేయింబవళ్ళు సమానమయ్యే విషువత్తు రోజుల ప్రాంతాన, భారాన్ని ఒకదాని నుండి మరొకదానికి కావాలనే మార్చి చూస్తారు. ఆ కొద్ది నిమిషాలు చదవవచ్చు గాని వ్రాయలేరు. కొత్త సాఫ్ట్‌వేరునూ ఒక్కసారిగా అందరి మీద వేయరు. మంగళవారం పరీక్షా సైట్లకు, బుధవారం నిఘంటువుల వంటి సోదర సైట్లకు, గురువారం అన్ని వికీపీడియాలకు. తప్పు దొరికితే బండిని ఎక్కడికక్కడ ఆపుతారు. కాటలాన్, హీబ్రూ వంటి కొన్ని వికీపీడియాలవారు తామై ముందుకు వచ్చి బుధవారమే తీసుకుంటారు. వంట రుచి చూచి చెప్పే ధైర్యం అది.

ఇంత యంత్రాంగమూ చేరి తెలుగుకు ఏమి ఇచ్చినదో తెలియాలంటే కొమర్రాజు లక్ష్మణరావుగారిని స్మరించవలె. ఆయన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మొదటి సంపుటం 1915లో వెలువడినది. మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మళ్ళీ చేపట్టినా పూర్తికాలేదు. పండితులు లేక కాదు. కాగితం, అచ్చు, ధనం, పంపిణీ అన్నీ ఆ విజ్ఞానసర్వస్వమే మోయవలసి వచ్చినది. నేడు ఆ బరువంతా ఉమ్మడి వ్యవస్థ మోస్తున్నది. మిగిలినది వ్రాయడం, దిద్దడం.

ఆ దిద్దడం ఎట్లా ఉంటుందో తెలుగు వికీసోర్స్‌లో చూడవచ్చు. కాపీహక్కు తీరిన పాతపుస్తకాల ఛాయాచిత్రాలు ఒక ప్రక్కన, వాటిని చూచి టైపు చేసిన పాఠం మరొక ప్రక్కన ఉంటవి. ఐరోపా భాషల గ్రంథాలకు వాడుతున్న పనిముట్టే తెలుగుకూ అందినది. ఇంకా దిద్దని పుటకు ఎరుపు రంగు, ఒకరు దిద్దిన పుటకు పసుపు, మరొకరు కూడా సరిచూస్తే ఆకుపచ్చ. ఒకరే రెండుసార్లు దిద్ది ఆకుపచ్చ చేసుకోవడానికి యంత్రం ఒప్పుకోదు. రెండవ మనిషి కావలసిందే. అరసున్నలు, శకటరేఫలు, పాత వరస సంధులు ఎరిగిన కళ్ళు ఆ పనికి కావలె; అవి తెలుగు ఉపాధ్యాయులవి. ఒక పుట సరిచూడడానికి పావుగంట చాలు. ఏ పుస్తకం సూచిక తెరిచినా పుటల అంకెలు రంగురంగులుగా వరుసదీరి ఉంటవి. వాటిలో పసుపురంగువి రెండవ మనిషి కొరకు ఆగి ఉన్నవి.